మామ క్లచ్చు, నా కాళ్లు

నా పెళ్లినాడు నా భర్తతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట: "కాళ్లు పైకెత్తి మా మామ వీపుకు గట్టిగా తన్నండి."

అప్పటిదాకా మా ఇద్దరి మధ్య నడిచిందంతా జీలకర్ర బెల్లమూ తలంబ్రాలూనే. పెళ్లిచూపుల్లో ఆయన అడిగిన ఒకే ఒక ప్రశ్నకు కూడా మా అమ్మమ్మే అడ్డుపడి జవాబు చెప్పింది. నాకు నోరుందని ఆయనకు తెలియదు. తీరా తెలిసిన మొదటిసారే ఆ నోటి నుంచి ఇలాంటి మాట రావడం ఆయన ఖర్మ. అయితే తప్పు నాది కాదు, మా మామది అంతకన్నా కాదు. తప్పంతా ఒక క్లచ్చుది.

మా మామ అంటే మా అమ్మ తమ్ముడు. సూర్యాపేట మార్కెట్టులో అడ్తి దుకాణం, అంటే రైతుల ధాన్యం అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారం. మా అమ్మానాన్నలది పాలకీడు దగ్గర వ్యవసాయం. చదువు కోసమని నన్ను చిన్నప్పుడే సూర్యాపేటలో అమ్మమ్మ ఇంట్లో పెట్టారు. మామకు ఇద్దరూ మగపిల్లలే కావడంతో ఆ ఇంట్లో నేను ఆడింది ఆట, పాడింది పాట. మామ నన్ను కోప్పడగా నేనెన్నడూ చూడలేదు. కోప్పడే పనంతా అమ్మమ్మ ఒక్కతే చూసుకునేది, ఎవరికీ వాటా ఇవ్వకుండా.

ఎనభైల్లో ఒకనాడు మామ హైదరాబాదు నుంచి ఒక విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఎవరో పెద్ద ఆఫీసరు వాడి వాడి వదిలించుకున్న బండి. పొడుగ్గా, బూడిద రంగులో, పడుకున్న బర్రెలా ఉండేది. దాని గొప్పంతా ఒక్కటే, దానికి క్లచ్చు లేదు. గేర్లు వాటంతట అవే పడేవి. పుట్టిన దగ్గర్నుంచీ లారీలు చూసి పెరిగిన సూర్యాపేట జనం ఈ మాట ఎందుకు నమ్ముతారు? వచ్చినవాళ్లు వచ్చినట్టు డోరు తీసి, వంగి, మూడో పెడల్ ఎక్కడైనా దాచిపెట్టాడేమోనని సీటు కింద వెతికేవాళ్లు. మామ ఎడమ కాలు మడిచి సీటు మీద పెట్టుకుని, ఒంటికాలితో బస్టాండు దాకా నడిపి చూపించేవాడు.

"నా ఎడమ కాలు రిటైరయింది. ఇగ దానికి పింఛనే," అనేవాడు.

ఆ కొత్తలోనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట ఇచ్చాడు. "పిల్లా, నీ పెండ్లి బరాత్ గీ కార్లనే. నేనే నడుపుత. ఇంకొకని చేతికి స్టీరింగ్ ఇయ్య." పెళ్లంటే ఏమిటో, ఊరేగింపుగా అత్తారింటికి పోయే ఆ బరాత్ ఏమిటో నాకప్పటికి సరిగ్గా తెలియదు. కానీ ఎక్కడికి పోవలసి వచ్చినా తీసుకుపోయేది మామే అన్నది మాత్రం తెగ నచ్చింది. ఆ ధీమాతోనే పెరిగాను.

మామ ఎడమ కాలు ఆ పింఛను ఎక్కువ కాలం తినలేదు. విజయవాడ నుంచి వస్తుంటే కోదాడలో కారు గొంతు చించుకుని అరవడమే తప్ప అంగుళం కదలనని మొండికేసింది. గేర్ బాక్సు పోయిందన్నారు. హైదరాబాదులో విచారిస్తే, దాని సామాను ఈ దేశంలో దొరకదు, తూకానికి అమ్ముకోండి అన్నారు. తూకం అన్న మాట మామకు ఎక్కడో తగిలింది. బతుకంతా ధాన్యం తూచిన మనిషిని కారు తూచమంటే తూస్తాడా?

కోదాడ హైవే పక్కన లారీ షెడ్డులో ఒక మేస్త్రీ ఉండేవాడు. ఆయన మా కారు కింద దూరి, చాలాసేపటికి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "ఏం బెంగ పడకండి. జీపు గేర్ బాక్సు ఎక్కిద్దాం. లారీ క్లచ్చు వేద్దాం. మామూలు బండి చేసి పారేద్దాం."

"కారుకు లారీ క్లచ్చెందుకయ్యా?" అన్నాడు మామ.

"అరుగుడనేది ఉండదండి. ఫుల్లు లోడేసినా లాగుద్ది. మీ కారో లెక్కా?"

లోడు అన్న మాటకు మామ పడిపోయాడు. ధాన్యం బస్తాల మధ్య బతికే మనిషికి అంతకంటే గట్టి హామీ ఏముంటుంది? కారులో మోసేది అమ్మమ్మనూ నన్నూ కదా, ఫుల్లు లోడెక్కడిది అని ఆయనకు తోచలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా మామకు ఉన్న కాలు ఊడినంత పనైంది.

బండి తయారైన రోజు నేనూ ఉన్నాను. మామ ఎక్కి కూర్చుని, కొత్త పెడల్ మీద ఎడమ కాలు పెట్టి నొక్కాడు. అది కదల్లేదు. వంగి చూసుకున్నాడు. "ఇది బ్రేకా?" అని అడిగాడు.

"కాదండి, క్లచ్చే."

మామ స్టీరింగ్ పట్టుకుని, పళ్లు బిగించి, సీట్లోంచి సగం లేచి నొక్కాడు. అప్పుడు పోయింది కిందికి. వదిలీ వదలగానే పెడల్ ఎంత వేగంగా పైకొచ్చిందంటే మోకాలు వచ్చి గడ్డానికి తగిలింది. మేస్త్రీ మాత్రం తొణకలేదు. "కాలు అలవాటు పడుద్దండీ," అన్నాడు.

కాలు అలవాటు పడలేదు, లావు పడింది. ఎడమ పిక్క కుడి పిక్కకంటే బలిసి, మామ నడుస్తుంటే ఒక మనిషి రెండు కాళ్ల మీద కాక ఇద్దరు మనుషులు చెరో కాలి మీద నడుస్తున్నట్టుండేది. రోజూ సాయంత్రం అత్త నువ్వుల నూనె కాచి మర్దన చేసేది. చెప్పుల జతలో ఎడమది నున్నగా అరిగిపోయేది, కుడిది అంగట్లోంచి తెచ్చినప్పటిలాగే ఉండేది. అరుగు కింద కుడి చెప్పులు పోగుపడ్డాయి. ఎవరైనా అవిటివాడు వస్తే ఇద్దామని అమ్మమ్మ వాటిని దాచేది. వచ్చినవాడికల్లా ఎడమ కాలే ఉండేది.

మామ కోదాడకు పోయి మొరపెట్టుకోని నెల లేదు. మేస్త్రీ ఒకసారి గ్రీజు పెట్టాడు, ఒకసారి వైరు మార్చాడు. పెడల్ పొడుగైతే బలం తక్కువ పడుతుందని ఒకసారి దానికి పైపు ముక్క అతికించాడు. నిజంగానే తేలికైంది. కానీ పెడల్ అంత పైకొచ్చేసరికి మామ మోకాలు స్టీరింగ్‌కు అడ్డంపడి, బండి కుడివైపు తిరగడం మానేసింది. పైపు కోయించేదాకా మామ ఎక్కడికి పోయినా ఎడమ మలుపుల మీదే ఊరంతా చుట్టి ఇంటికొచ్చేవాడు. పక్క వీధిలో ఉన్న దుకాణానికి పొద్దున బయల్దేరితే రైతులు ఎదురుచూసి ఎదురుచూసి చాయ్ తాగడానికి పోయేవాళ్లు.

"స్ప్రింగు జర మెత్తది ఎయ్యరాదె?" అని మామ బతిమాలాడు.

"మెత్తదైతే క్లచ్చు జారుద్దండి. గట్టిదే మంచిది," అన్నాడు మేస్త్రీ. ఇంటికొచ్చి మామ మాకు అదే మాట చెప్పాడు, తన మాటలాగా. "గట్టిగున్నదంటె మంచిగున్నట్టే."

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. కాలితో ముందుకు అంత బలంగా నొక్కితే వీపు సీటును వెనక్కి తోస్తుంది కదా. పెడల్ కదలను అంటే సీటు కదలడం మొదలుపెట్టింది. సీటు కింద వెల్డింగు పెట్టించాడు. అప్పుడు వీపు ఆనించే భాగం లొంగింది. క్లచ్చు నొక్కిన ప్రతిసారీ అది వెనక్కి వాలిపోయి, మామ కారు కప్పు చూస్తూ పడుకుండిపోయేవాడు. రోడ్డు ఎక్కడుందో ఆయనకూ తెలియదు, ఆయన ఎక్కడున్నాడో రోడ్డు మీదవాళ్లకూ తెలియదు.

దానికి మందు నేను. మామ వెనక సీట్లో కూర్చునేది నేనే కాబట్టి, ఆ వాలే సీటును ఆపే పని నా మీద పడింది. మొదట చేతులతో ఆపాను, చాల్లేదు. తర్వాత నడుము వెనక్కి ఆనించి రెండు కాళ్లూ ఎత్తి తన్నిపట్టాను. బ్రహ్మాండంగా ఆగింది. మామ "ఆఁ!" అంటే నేను తన్నాలి. గేరు పడ్డాక "ఊఁ" అంటే వదలాలి. ఆఁ, ఊఁ, ఆఁ, ఊఁ. రోడ్డు పక్కన మనుషులకు లోపల ఎవరికో ప్రసవమవుతున్నట్టు వినపడేది.

అమ్మమ్మ మొదటిసారి చూసిన రోజు కారు ఆపించింది. "మేనమామను కాలితోని తంతవానే? కండ్లు పోతయ్!"

"తన్నకపోతె బండి పోదే అమ్మా," అన్నాడు మామ.

అమ్మమ్మ ఆలోచించి ఒక తీర్పు చెప్పింది. దిగిన వెంటనే నేను మామ కాళ్లకు మొక్కి పాపం కడుక్కోవాలి. సరేనన్నాను. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయొస్తే తన్నులు లెక్కలేనన్ని, మొక్కు మాత్రం ఒక్కటే. లాభసాటి బేరం. కారు దిగి నేను వంగితే మామ ఎడమ కాలు ముందుకు పెట్టేవాడు. "దీనికే మొక్కు బిడ్డా, కష్టమంత దీనిదే," అనేవాడు. కాలేజీకి వచ్చిన తర్వాత కూడా నేను ముందు సీట్లో కూర్చున్నది లేదు. మామకు నేను మేనకోడలిని ఎంతో, క్లచ్చులో సగం ముక్కను కూడా అంతే.

తొంభైల్లో నాకు మిర్యాలగూడలో సంబంధం కుదిరింది. రైసుమిల్లు వాళ్లు, మామకు వ్యాపారంలో తెలిసినవాళ్లే. బరాత్‌కు తమ తెల్ల అంబాసిడర్ పంపిస్తామన్నారు. మామ ముఖం వాడిపోయింది. అన్నం ముందు కూర్చుని, కలుపుతున్నాడే కానీ తినడం లేదు.

"పిల్లకు మాటిచ్చిన. బరాత్ నేనే నడుపుత," అన్నాడు చివరికి.

నేను వెంటనే అందుకున్నాను. "మామ కారైతెనే ఎక్కుత. లేకుంటె నడుసుకుంట పోత." అది పంతం కాదు. కొత్త ఊరు, ముక్కూ మొహం ఎరగని మనుషులు. ఆ గడప దాకా నా ముందు మామ వీపు కనపడుతుంటే నాకు భయం లేదు. లేకపోతే చచ్చేంత భయం. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు కానీ మామకు తెలుసు.

అమ్మమ్మ మళ్లీ తీర్పు చెప్పింది. పెళ్లికూతురు ఎక్కిన బండి నడి తోవలో ఆగిపోతే అరిష్టమట. "బండి నిలవడొచ్చు గని నోరు మూయొద్దు. ఇంజిన్ ఒక్కపాలి బందయిందో, పిల్లను దించి ఆళ్ల కార్ల కూసోవెడ్త. ముందట సీట్ల నేనే కూసుంట, సూస్త." మామ ఒప్పుకున్నాడు. ఆ వారమంతా అత్త రెండు పూటలా నూనె కాచింది.

పెళ్లి పొద్దున సూర్యాపేటలో జరిగింది. అప్పగింతలప్పుడు మా అమ్మ ఏడ్చింది, చుట్టాలు ఏడ్చారు, నాకు మాత్రం ఒక్క చుక్క రాలేదు. "ఏడ్వవేందే, నలుగురు ఏమనుకుంటరు?" అని ఒకావిడ నన్ను గిల్లింది కూడా. మామ తీసుకుపోతుంటే ఏడుపెందుకు? పెళ్లికొడుకు తన వాళ్లతో అంబాసిడర్‌లో ముందు వెళ్లిపోయాడు. నేను పట్టుచీరతో, బాసికంతో, ఎప్పటిలాగే మామ వెనక సీట్లో కూర్చున్నాను. ఆఁ అన్నప్పుడు తన్నాను, ఊఁ అన్నప్పుడు వదిలాను. మిర్యాలగూడ దాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. మామ ఈల వేస్తూ నడిపాడు.

ఊరి మొదట్లో బ్యాండు వాళ్లు సిద్ధంగా ఉన్నారు. పొద్దు ఇంకా గూకలేదు. పెళ్లికొడుకును తెచ్చి నా పక్కన కూర్చోబెట్టబోతూ వాళ్ల పెద్దామె ఒకావిడ అంది. "పిల్ల ఎడమ పక్కకు జరగాలె. ఆలికి ఎడమ పక్కనే జాగ."

నేను జరిగాను. జరిగాక అర్థమైంది. మామ అద్దంలోంచి నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఇన్నేళ్లుగా నేను కూర్చున్న జాగాలో, మామ వీపు వెనక, ఇప్పుడు పెళ్లికొడుకున్నాడు. ముహూర్తం చూసుకున్నాం, పూలు చూసుకున్నాం, కాలికి నూనె రాసుకున్నాం. పెళ్లాం ఎడమ పక్కన కూర్చుంటుందన్న ముక్క ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు.

బ్యాండు మోగింది. మామ దేవుణ్ణి తలుచుకుని క్లచ్చు నొక్కాడు. సీటు వెనక్కి వాలిపోయి పెళ్లికొడుకు మోకాళ్ల మీద పడింది. మామ తల వచ్చి ఆయన పూలదండలో దూరింది. తలకిందులుగా, కింది నుంచి పైకి చూస్తూ, మర్యాద తెలిసిన మనిషి కాబట్టి మామ పలకరించాడు. "మంచిగున్నరా బిడ్డా?"

"ఆఁ, మంచిగున్న," అన్నాడు పెళ్లికొడుకు, ఊపిరి బిగబట్టి.

కారు కప్పలా ఒక గెంతు గెంతింది. బ్యాండులో వెనక ఉన్న బూర ఆయన ముందుకు ఉరికాడు. ఇంజిను దగ్గి, వణికి, చావు తప్పి బతికింది. "బందయిందా?" అని అమ్మమ్మ ముందు సీట్లోంచి అడిగింది. "కాలే, కాలే!" అని మామ ఇంజిను దగ్గు వినపడకుండా హారన్ కొట్టాడు. వెనకాల తెల్ల అంబాసిడర్ వస్తూనే ఉంది, ఎప్పుడు నన్ను ఎక్కించుకుందామా అని. మామ మెడ మీద చెమట కారుతోంది. కొంగుముడి ఉన్నా లెక్క చేయకుండా నేను అటు పక్కకు కాలు చాపి చూశాను, అందలేదు.

బరాత్ అంటే మామూలు తోవ కాదు. నాలుగడుగులు పోవాలి, ఆగాలి, కుర్రవాళ్లు ఎగరాలి, మళ్లీ నాలుగడుగులు. నాలుగడుగులకొకసారి క్లచ్చు. ఇంకో గెంతు గెంతితే ఇంజిను ఖతం. అప్పుడే సిగ్గు విడిచి, పెళ్లికొడుకు చెవి దగ్గరికి వంగి ఆ మాట అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. మతి చెడిన పిల్లను అంటగట్టారన్న అనుమానం ముఖం మీద స్పష్టంగా ఉంది. "ఏందీ?"

"తన్నండి. ఆయన ఆఁ అన్నప్పుడు తన్నాలి, ఊఁ అన్నప్పుడు వదలాలి. లేకుంటే బండి ఆగిపోతుంది, నన్ను దించేస్తారు."

ఏ ముక్క అర్థమైందో తెలియదు. కానీ నా కళ్లలో నీళ్లు నిలిచాయని ఆయన తర్వాత చెప్పాడు. అప్పుడాయన చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. వంగి, కొత్త బూట్లు విప్పి పక్కన పెట్టాడు. పెద్దమనిషి వీపుకు బూటు కాలు ఎలా తగిలిస్తామన్నట్టు. మేజోళ్లు కూడా విప్పాడు. తర్వాత రెండు కాళ్లూ ఎత్తి సీటుకు ఆనించాడు.

"ఆఁ!" అన్నాడు మామ, ఆశ లేకుండానే.

ఆయన తన్నాడు. రైసుమిల్లులో బస్తాలు ఎత్తిన కాళ్లు మరి. సీటు నిటారుగా లేచి, మామ ముక్కు దాదాపు అద్దానికి తగిలింది. క్లచ్చు మెత్తగా కిందికి పోయింది. కారు నూనె రాసినట్టు కదిలింది. "ఊఁ!" అన్న మామ గొంతులో ఏళ్ల తరబడి వినని సంతోషం.

సరిగ్గా అప్పుడే అమ్మమ్మ వెనక్కి తిరిగింది. కొత్త అల్లుడి పారాణి పాదాలు రెండూ తన కొడుకు వీపు వెనక ఉండటం చూసింది. తర్వాత తెల్ల అంబాసిడర్ వైపు చూసింది. మళ్లీ ముందుకు తిరిగి కూర్చుని, ఎవరితోనో అన్నట్టుగా అంది. "జర గట్టిగ ఒత్తు బిడ్డా. ముందట మూలమలుపున్నది."

ఆ బరాత్ వీడియో క్యాసెట్టు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందులో పెళ్లికొడుకు తలపాగా పక్కకు జారి, నాలుగడుగులకొకసారి పళ్లు బిగించి ఎర్రబడుతుంటాడు. నేను పక్కన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతుంటాను. పాపం పిల్ల ఎంత ఏడ్చిందో అని చూసినవాళ్లు అనుకుంటారు.

ఇంజిను ఒక్కసారి కూడా నోరు మూయలేదు. అత్తవారి గుమ్మం ముందు మామ దిగబోతే ఎడమ కాలు లేవలేదు. పెళ్లికొడుకు వట్టి కాళ్లతో చుట్టూ తిరిగొచ్చి, హారతి కోసం కూడా ఆగకుండా, నేను చెప్పకుండానే, మామ కాళ్లకు మొక్కాడు. "అల్లునికి ఎంత మర్యాదో!" అని జనం మెచ్చుకున్నారు. మామ అలవాటుగా ఎడమ కాలు ముందుకు పెట్టబోయి, కుదరక, అల్లుడి భుజం పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున మామా అమ్మమ్మా బయల్దేరారు. నేను గడపలోకి వచ్చేసరికి నా భర్త మిల్లులోంచి ఒక బియ్యం బస్తా మోయించుకొచ్చి, మామ సీటు వెనక నిలబెట్టి, తాడుతో బిగిస్తున్నాడు. మామ ఎక్కి క్లచ్చు నొక్కి చూశాడు. సీటు కదల్లేదు.

"మంచిగున్నదే," అన్నాడు. తర్వాత నన్ను చూసి నవ్వబోయాడు. "ఇగ నీ జాగల గిదే కూసుంటది బిడ్డా. ఆఁ అననక్కరలే, ఊఁ అననక్కరలే." నవ్వు సగంలో ఆగిపోయింది. అద్దం సరిచేసుకుంటున్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

అప్పగింతల్లో రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. అడ్డూ ఆపూ లేకుండా, ముక్కు ఎగబీలుస్తూ, బియ్యం బస్తాను చూసి ఏడ్చాను. నా భర్త ఏం చేయాలో తెలియక తాడు చివర పట్టుకుని నిలబడ్డాడు.

కారు వీధి చివర మలుపు దగ్గరికి పోయి నెమ్మదించింది. అక్కడ క్లచ్చు నొక్కాలని నాకు తెలుసు. గెంతలేదు, దగ్గలేదు, మెత్తగా తిరిగి వెళ్లిపోయింది. గడప మీద నిలబడిన నేను మాత్రం రెండు కాళ్లూ నేలకు తన్నిపట్టి, మామ ఎప్పుడు "ఊఁ" అంటాడా అని చూస్తున్నాను.